ఊరి నడిబొడ్డుకు వైద్యం

"ఊరి నడిబొడ్డున" అనే మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. అందులో బొడ్డు ఎందుకు వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ఆహారమూ, ప్రాణవాయువూ అందేది బొడ్డుతాడు ద్వారానే. ఊరి మధ్యభాగం కూడా అలాంటిదే. చుట్టుపక్కల పల్లెల నుంచి ధాన్యం, కూరగాయలు, పాలు, పనివాళ్లు, చదువుకొనే పిల్లలు అక్కడికే వస్తారు. అక్కడి నుంచే ఎరువులు, బట్టలు, మందులు పల్లెలకు వెళతాయి.

మరి ఆ నడిబొడ్డుకే జబ్బు చేస్తే? నడవడానికి చోటు ఉండదు. వానొస్తే మోకాటి లోతు నీళ్లు. ఎండాకాలంలో నిలబడేందుకు నీడ కరువు. బస్సు దిగిన ముసలమ్మ రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. మెల్లమెల్లగా జనం అటు రావడమే మానేస్తారు. అంగళ్లు వెలవెలబోతాయి.

ఈ జబ్బుకు మందేమిటని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది "రోడ్డు వెడల్పు చేస్తే సరి!" అంటారు. నిజంగా సరేనా? శాస్త్రీయంగా ఆలోచిద్దాం. ఉదాహరణకి బాన్సువాడను తీసుకుందాం.

కాలువ పెంచిన ఊరు

బాన్సువాడ తెలంగాణలో కామారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా ఇది నిజామాబాదు జిల్లాలోనిది. ఈ ప్రాంతానికి జీవనాడి మంజీరా నది. ఆ నది మీద 1923లో నిజాంసాగర్ ఆనకట్ట కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. ఆనకట్ట నుంచి బయలుదేరిన ప్రధాన కాలువ బాన్సువాడ ప్రాంతం మీదుగా బోధన్ వైపు సాగుతుంది.

కాలువ వచ్చాక నేల రూపే మారిపోయింది. వరి, చెరకు విస్తారంగా పండసాగాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి ఆయకట్టులో స్థిరపడ్డారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఈనాటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది (అది 2015లో మూతపడింది). పంట పెరిగితే బండి పెరుగుతుంది, బండి పెరిగితే బేరం పెరుగుతుంది. ఆ బేరాలకు కూడలిగా ఎదిగిన ఊళ్లలో బాన్సువాడ ఒకటి. నిజామాబాదు, బోధన్, కామారెడ్డి, బిచ్కుంద వైపు వెళ్లే దారులకు అది కేంద్రమైంది. ఆర్టీసీ డిపో వచ్చింది. 2018లో ఊరు మునిసిపాలిటీగా మారింది.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇలాంటి ఊళ్లలో పాత వీధులు ఎడ్లబండిని చూసుకొని ఏర్పడ్డాయి. ఎడ్లబండి గంటకు మూడు, నాలుగు కిలోమీటర్ల కన్నా వేగంగా పోదు. అంటే మనిషి నడకతో సమానం. అందుకే అప్పట్లో బండీ, మనిషీ, బజారూ ఒకే వీధిలో కలిసి బతికాయి. ఇప్పుడు అదే వీధిలోకి బస్సు, లారీ, వడ్లు నింపుకొన్న ట్రాక్టరు, వరికోత యంత్రం, లెక్కలేనన్ని మోటారు సైకిళ్లు వస్తున్నాయి. వేగాలు వేరైపోయాయి. చోటు మాత్రం అంతే ఉంది. జబ్బుకు మూలం ఇదన్నమాట.

నాడి చూడకుండా మందా?

ఒంట్లో బాగాలేదని వైద్యుడి దగ్గరికి వెళితే ఆయన ముందు ఏం చేస్తాడు? నాడి చూస్తాడు, జ్వరం కొలుస్తాడు, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఆ తరువాతే మందు రాస్తాడు. ఊరికి వైద్యం చేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాలని గట్టిగా చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ఇంజనీరు కాదు, జీవశాస్త్రజ్ఞుడు! పేరు పాట్రిక్ గెడిస్. 1854లో పుట్టిన స్కాట్లండ్ దేశస్థుడు. మొక్కలనూ ప్రాణులనూ పరిశీలించిన కళ్లతోనే ఆయన ఊళ్లను కూడా చూశాడు.

గెడిస్ 1914లో మన దేశానికి వచ్చాడు. ఎన్నో ఊళ్లు తిరిగి నివేదికలు రాశాడు. ఆ రోజుల్లో ఇరుకు పేటలను బాగుచేయడమంటే స్కేలు పెట్టి గీత గీసి, ఆ గీతకు అడ్డొచ్చిన ఇళ్లన్నీ పడగొట్టడమే. తంజావూరులో అలాంటి పథకం ఒకటి ఆయన చూశాడు. వెంటనే కాలినడకన సందుసందూ తిరిగాడు. ఏ ఇల్లు గట్టిగా ఉంది, ఏది పాడుపడింది, ఎక్కడ ఖాళీ జాగా ఉంది, ఎక్కడ చెట్టుంది అని గుర్తు పెట్టుకున్నాడు. పాడుపడిన ఇళ్లు మాత్రమే తీసేసి, ఆ ఖాళీలను కలుపుకుంటూ పోతే గాలీ వెలుతురూ వస్తాయనీ, మంచి ఇళ్లు మిగులుతాయనీ, ఖర్చు కూడా చాలా తగ్గుతుందనీ చూపించాడు. మంచి శస్త్రవైద్యుడు జబ్బు పడ్డ భాగాన్నే తొలగించి మిగతా శరీరాన్ని కాపాడినట్టే గదా ఇది!

ఆయన సూత్రం చిన్నదే. ముందు పరిశీలన, ఆ తరువాత నిర్ణయం, ఆపైన చికిత్స. మన బాన్సువాడ కసరత్తును ఈ వరుసలోనే చేద్దాం.

మొదటి కొలత: చోటు ఎవరిది?

ఒక కారు నిలపడానికి 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు కావాలి. అంటే 12.5 చదరపు మీటర్లు. ఒక తోపుడు బండి, దాని వెనక నిలుచునే మనిషి కలిసి సుమారు 3 చదరపు మీటర్లలో సర్దుకుంటారు. అంటే ఒక కారు ఆగిన చోటులో నాలుగు తోపుడు బండ్లు పడతాయి. ఆ కారు అక్కడ మూడు గంటలు ఊరికే ఆగి ఉంటే ఎంతమందికి ఉపయోగం? అదే చోట నాలుగు బండ్లు ఉంటే ఎన్ని కుటుంబాలకు కూడు, ఎంతమందికి కూరగాయలు?

కారు వద్దని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. చోటు కొద్దిగా ఉన్నప్పుడు దాన్ని ఎవరికి, ఎంతసేపు ఇవ్వాలో తేల్చడానికి లెక్క కావాలి. మనకు కనిపించేది రద్దీ మాత్రమే. ఆ రద్దీలో నడిచేవాళ్లు ఎందరు, బండ్ల మీద వెళ్లేవాళ్లు ఎందరు, ఆగి ఉన్న వాహనాలు ఎన్ని అన్నది లెక్కపెడితే తప్ప తెలియదు. రోడ్డును వెడల్పు చేసినా ఆ అదనపు చోటంతా ఆగిన వాహనాలతోనే నిండిపోతే లాభమేముంది?

డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో స్ట్రోయె అనే పాత బజారు వీధి ఉంది. పొడవు 1.1 కిలోమీటర్లు. 1962 నవంబరు 17న ఆ వీధిలోకి వాహనాలు రాకుండా ఆపారు, అదీ ప్రయోగంగానే. "కార్లు రాకపోతే కొనేవాళ్లెవరు?" అని వ్యాపారులు భయపడ్డారు. జరిగింది వేరు. జనం పెరిగారు, ఆగి మాట్లాడుకోవడం పెరిగింది, బేరాలూ సాగాయి. రెండేళ్లు చూసి 1964లో ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు. యాన్ గేల్ అనే వాస్తుశిల్పి అక్కడ మనుషులను లెక్కపెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. నడిచేవాళ్లు ఎందరు, కూర్చున్నవాళ్లు ఎందరు, ఎంతసేపు కూర్చున్నారు అని ఏళ్ల తరబడి నమోదు చేశాడు. 1962లో ఆ నగరం నడిమధ్యలో వాహనాలు లేని చోటు 15,800 చదరపు మీటర్లు. 2000 నాటికి అది సుమారు లక్ష చదరపు మీటర్లకు పెరిగింది. ఒక్కసారిగా కాదు సుమా! ఏడాదికి కొంచెం చొప్పున, లెక్క చూసుకుంటూ పెంచారు.

బాన్సువాడకు కోపెన్‌హాగన్ పద్ధతి అచ్చంగా పనికొస్తుందా? రాదు. మన ఊరి మధ్యలోకి ధాన్యం ట్రాక్టరు రావాలి, బస్సు రావాలి. అక్కడి నుంచి మనం తెచ్చుకోవలసింది వాళ్ల వీధి కాదు, వాళ్ల లెక్క.

రెండో కొలత: రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు?

మామూలు మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తాడు. ముసలివాళ్లు 0.8 మీటర్లు. రోడ్డు వెడల్పు 18 మీటర్లనుకోండి. దాటడానికి మీకు 15 సెకన్లు పడుతుంది. మీ నానమ్మకు 22.5 సెకన్లు. ఈలోగా గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే వాహనం 225 మీటర్లు వచ్చేస్తుంది. నానమ్మ రోడ్డు మీద కాలు పెట్టినప్పుడు ఆ వాహనం ఆమెకు కనబడకపోవచ్చు కూడా!

చూశారా? రోడ్డును వెడల్పు చేసినకొద్దీ దాటడం కష్టమవుతుంది. మరి ఉపాయం? రోడ్డు మధ్యలో రెండు మీటర్ల గట్టు కడితే చాలు. నానమ్మ సగం దాటి, గట్టు మీద ఆగి, రెండో వైపు చూసుకొని మిగతా సగం దాటుతుంది. ఒకేసారి దాటవలసిన దూరం సగానికన్నా తగ్గిపోయింది గదా!

వేగం సంగతి కూడా చూడండి. భౌతికశాస్త్రంలో గతిజ శక్తి గురించి చదువుకున్నారు. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తగిలే వాహనం, 30 కిలోమీటర్ల వేగంతో తగిలేదాని కన్నా సుమారు 2.8 రెట్లు శక్తితో కొడుతుంది. అందుకే మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. ఇక కాలిబాట మాటకొస్తే, అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని భారత రోడ్ల కాంగ్రెస్ సూచించింది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వచ్చి తప్పుకోవడానికి, చక్రాల కుర్చీ పోవడానికి అది చాలు. 1.8 మీటర్లలో కరెంటు స్తంభం నిలబడి ఉంటే మాత్రం అది కాలిబాట కాదు, స్తంభానికి గద్దె!

మూడో కొలత: నీళ్లు ఎటు పోతాయి?

ఒక చిన్న లెక్క. హెక్టారు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే ఎన్ని నీళ్లు? హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. సెంటీమీటరంటే 0.01 మీటరు. గుణిస్తే 100 ఘనపు మీటర్లు, అంటే లక్ష లీటర్లు! ఐదు వేల లీటర్ల టాంకర్లు ఇరవై. ఐదు సెంటీమీటర్ల వాన పడితే వంద టాంకర్లు.

మట్టి నేల, పచ్చిక అయితే అందులో చాలా భాగం పీల్చుకుంటాయి. సిమెంటు నేల దాదాపు ఏమీ పీల్చుకోదు. కాబట్టి ఊరి మధ్యలో ఉన్న ప్రతి అంగుళాన్నీ సిమెంటుతో కప్పేస్తే ఆ వంద టాంకర్లూ మోరీలోకే పోవాలి. మోరీ నిండితే దుకాణాల్లోకి వస్తాయి.

ఈ పాఠాన్ని కొండల మీది ఊళ్లు మనకన్నా ముందే నేర్చుకున్నాయి. అక్కడ చోటు తక్కువ, వాలు ఎక్కువ. తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న సిమ్లాలో ప్రధాన బజారైన మాల్ రోడ్డు మీదికి మామూలు వాహనాలను రానివ్వరు. కింద కార్ట్ రోడ్డు దగ్గర దిగి, లిఫ్టు ఎక్కి మాల్‌కు చేరవచ్చు. సిక్కిం రాజధాని గాంగ్‌టక్‌లో కూడా ఎం.జి. మార్గ్ అనే నడిబజారు నడిచేవాళ్లకే. వాహనం ఊరి అంచున ఆగుతుంది, మనిషి మధ్యలోకి నడుస్తాడు. కొండ ఊళ్ల సూత్రం ఇదే.

మన దగ్గరే ఉన్న యాదగిరిగుట్ట సంగతి చూడండి. అక్కడ గుట్ట మీది గుడినీ, పరిసరాలనూ పెద్దయెత్తున తిరిగి కట్టి 2022 మార్చి 28న భక్తులకు తెరిచారు. ఆ మే నెల మొదటివారంలో ఒక పెద్ద వాన కురిసింది. కొత్తగా వేసిన ఘాట్ రోడ్డు కొంతమేర కోసుకుపోయింది, కొన్నిచోట్ల నీళ్లు నిలిచాయి. ఎందుచేత అలా జరుగుతుంది? కొండను తవ్వి, పక్కన మట్టి పోసి రోడ్డు వేసినప్పుడు ఆ మట్టి కుదురుకోవడానికి కొంతకాలం పడుతుంది. ఈలోగా అందులోకి నీరు దిగితే మట్టి బరువెక్కుతుంది, రేణువుల మధ్య పట్టు తగ్గుతుంది, జారిపోతుంది. రాతి కట్టడం ఎంత గట్టిదైనా నీటిదారి ముందుగా చూసుకోకపోతే నీరు తన దారి తనే చూసుకుంటుంది.

బాన్సువాడ కొండ మీద లేదు. అయితే వాలు లేని ఊరు ఉండదు. కళ్లకు కనబడనంత వాలైనా నీటికి తెలుస్తుంది. దీనికి సాక్ష్యం నిజాంసాగర్ కాలువే! మోటారు లేదు, పంపు లేదు. ఇంజనీర్లు నేల మట్టాలు కొలిచి, అతి స్వల్పమైన వాలు ఇచ్చి, నీటిని అన్ని కిలోమీటర్లు నడిపించారు. 1931లో కాలువకు చేసిన లెక్క ఇప్పుడు మోరీకి చెయ్యలేమా? వందమీటర్ల మోరీకి అర మీటరు వాలున్నా నీరు పారుతుంది. వాలు సరిగా ఉండి, చెత్త అడ్డుపడకుండా, చివరన నీరు చేరే చోటు ఉంటే సగం బాధ తీరినట్టే.

నాలుగో కొలత: నీడ ఎంత?

మే నెల మధ్యాహ్నం తారురోడ్డు ఉపరితలం 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటగలదు. ఆ వేడి కిందినుంచి, ఎండ పైనుంచి మనిషిని కాలుస్తాయి. చెట్టు నీడలో గాలి ఉష్ణోగ్రత పెద్దగా తగ్గకపోయినా ప్రాణానికి హాయిగా ఎందుకుంటుంది? సూర్యుడి నుంచి నేరుగా ఒంటి మీద పడే వేడి ఆగిపోతుంది కాబట్టి. పైగా ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ చుట్టూ కొంత చల్లబరుస్తుంది.

రోడ్డు వెడల్పు కోసం మొట్టమొదట బలయ్యేవి వేపచెట్లు, కానుగ చెట్లే. చెట్టు పోతే దాని కింద కూర్చునే చెప్పులు కుట్టే మనిషి పోతాడు, పండ్లమ్మే అవ్వ పోతుంది. బస్సు కోసం నిలబడే జనం దుకాణాల ముందు గుమిగూడతారు.

వెడల్పూ నీడా రెండూ సాధించిన ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలమంది ప్రాణాలు తీసింది. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థను ఏర్పాటుచేశారు. వాళ్ల పనుల్లో పత్తర్‌గట్టీ బజారు ఒకటి. విశాలమైన వీధి, దానికి ఇరుపక్కలా రాతి కమానులతో వసారా, వసారాలో దుకాణాలు, పైన గదులు. కొనేవాళ్లు ఎండా వానా తగలకుండా కమానుల కింద నడుచుకుంటూ పోవచ్చు. నూరేళ్లు గడిచినా ఆ బజారు కళకళలాడుతూనే ఉంది.

మరి వైద్యం?

నాలుగు కొలతలూ అయ్యాయి. ఇప్పుడు బాన్సువాడ లాంటి ఊరికి మందుచీటీ రాద్దాం.

మధ్యలో పనిలేని లారీలనూ, దూరం పోయే వాహనాలనూ ఊరి బయటి దారికి మళ్లించాలి. బస్సును మాత్రం మధ్యకు రానివ్వాలి, ఎందుకంటే ఒక్క బస్సు నలభై మందిని తెస్తుంది. మోటారు సైకిళ్లకు, కార్లకు కూడలికి నాలుగడుగుల దూరంలో నిలిపే చోటు చూపాలి. నడిచేవాళ్లకు తెగిపోని కాలిబాట, దాటడానికి మధ్య గట్టు, ఉన్న చెట్లకు రక్షణ, మట్టి కనబడేలా చెట్ల పాదులు, వాలు కొలిచి కట్టిన మోరీలు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చిన్న బేరగాళ్ల సంగతి. "బండ్లన్నీ ఊరి చివరికి పంపేస్తే మధ్యభాగం శుభ్రమవుతుంది" అనడం తేలిక. పక్క పల్లె నుంచి తలమీద గంపతో వచ్చే అవ్వ బస్సు దిగిన చోటే అమ్ముకుంటుంది. ఇంకో రెండు కిలోమీటర్లు నడవమంటే ఆమె రావడం మానేస్తుంది. ఆమె కోసం వచ్చే కొనుగోలుదారులూ మానేస్తారు. వీధి వ్యాపారుల హక్కుల కోసం 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం వీధి వ్యాపారులను ముందు సర్వే చేయాలి. వాళ్లకు చోటు నిర్ణయించే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. చూశారా, చట్టం కూడా గెడిస్ మాటే చెబుతోంది: ముందు సర్వే!

ఇంకొక జాగ్రత్త. సిమెంటు పోశాక తప్పు తెలిస్తే ముప్పై ఏళ్లు భరించాలి. అందుకని ముందు సున్నంతో గీతలు గీసి, తాళ్లు కట్టి, పూలకుండీలు పెట్టి నెల రోజులు ప్రయోగం చేయవచ్చు. న్యూయార్కు నగరంలోని టైమ్స్ స్క్వేర్‌లో 2009లో ఇలాగే రోడ్డు మూసి మడతకుర్చీలు వేసి చూశారు. ఫలితాలు బాగుండడంతో మరుసటి ఏడాది శాశ్వతం చేశారు. ప్రయోగశాలలో మీరు చేసేదీ ఇదే గదా!

మీరే చేసి చూడండి

మీది బాన్సువాడ కాకపోయినా ఫరవాలేదు. నలుగురైదుగురు జట్టుగా, పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకొని, రోడ్డు పక్కన సురక్షితమైన చోట కూర్చొని ఈ పనులు చేయండి.

1. అంగడి రోజున ఒకసారి, మామూలు రోజున ఒకసారి కూడలిలో పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి. నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు వేరువేరుగా గీతలు పెట్టండి. తరువాత వాహనాలు కాదు, వాటిలోని మనుషులు ఎందరో అంచనా వేయండి. లెక్క ఎంత మారిపోతుందో చూడండి!

2. తాపీమేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు తెచ్చుకోండి. నీళ్లు నింపి రెండు కొసలూ పట్టుకుంటే నీటిమట్టం రెండువైపులా సమానంగా నిలుస్తుంది. దాని సాయంతో బడి ముందు వీధి ఎటు వాలి ఉందో కనుక్కోండి. వాన పడ్డ రోజున మీ జవాబు సరిచూసుకోండి.

3. మధ్యాహ్నం మూడు గంటలకు ఎండలో నేల, నీడలో నేల ఎంత వేడిగా ఉన్నాయో ఉష్ణమాపకంతో కొలవండి. కూడలి పటం గీసి నీడ ఉన్న చోట్లు ఆకుపచ్చ రంగుతో నింపండి. జనం ఎక్కడ ఆగి ఉన్నారో చుక్కలు పెట్టండి. చుక్కలు ఎక్కువ ఎక్కడున్నాయి?

4. ఒక ముసలాయననూ, ఒక పూలమ్మే ఆమెనూ, ఒక దుకాణదారునూ, ఒక బస్సు డ్రైవరునూ ఒకే ప్రశ్న అడగండి: "ఇక్కడ ఒక్కటి మార్చాలంటే ఏం మారుస్తారు?" నాలుగు జవాబులూ పక్కపక్కన రాయండి. అవి ఒకదానితో ఒకటి కుదరకపోతే కంగారుపడకండి. వాటిని కుదర్చడమే పట్టణ ప్రణాళిక అంటే.

మీ పటాలూ, లెక్కలూ ఒక అట్ట మీద అతికించి మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయనతో కలిసి మీ వార్డు కమిటీ సభ్యులకూ, మునిసిపల్ కమిషనరుకూ ఇవ్వండి. తెలంగాణలో 2019 నాటి మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ పౌరుల కమిటీలు ఉండాలి, వాటిలో యువకులకు ప్రత్యేకంగా ఒకటి. "రోడ్డు బాగాలేదు" అని చెప్పేవాళ్లు ఊరినిండా ఉంటారు. "పదిహేను నిమిషాల్లో ఇంతమంది నడిచారు, వాళ్లలో ఇంతమంది రోడ్డు మధ్యలోనే నడవవలసి వచ్చింది" అని లెక్కతో చెప్పేవాళ్లు అరుదు. ఆ లెక్క మీ చేతిలో ఉంటే మీ మాటను కొట్టిపారేయడం కష్టం.